సబ్బులొచ్చాయి, నీళ్లు రాలేదు

నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మా పెద్దసారు ఒక నీలం అట్ట ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "ఇగ ఈ దినాలన్నీ మీయే మేడం" అన్నారు. 2002 వానాకాలం అది. బడి నాగల్‌గిద్ద అవతల, నాలుగడుగులు వేస్తే కర్ణాటకలో పడతామనిపించే చిన్న ఊళ్లో. ఏడో తరగతి దాకా ఉంది. నేనూ మా అమ్మా నారాయణఖేడ్‌లో కిరాయికి ఉండేవాళ్లం. రోజూ పొద్దున బస్ డిపో ముందు ఆటో ఎక్కి, కంది చేల మధ్య నుంచి ఒళ్లంతా దుమ్ము చేసుకుని బడికి చేరేదాన్ని.

ఆ ఫైలు నిండా సర్క్యులర్లు. అక్షరాస్యతా దినం, జనాభా దినం, ఎయిడ్స్ దినం, పర్యావరణ దినం, నీటి దినం, మహిళా దినం, సైన్సు దినం, గురువుల దినం, బాలల దినం. నెల తప్పకుండా ఏదో ఒకటి ఉండేది. సర్క్యులర్ రాగానే గుడ్డ బ్యానర్ రాయించాలి. పిల్లల్ని రెండు వరుసల్లో నిలబెట్టి ఊరంతా తిప్పాలి. నినాదాలు ఇప్పించాలి. ఫొటో తీయించి, రిపోర్టు రెండు కాపీలు రాసి, పైకి పంపాలి. ఒకే బ్యానర్ గుడ్డను ఒకవైపు అయ్యాక రెండోవైపు తిప్పి వాడేవాళ్లం.

నిజం చెప్పాలంటే, మొదట్లో ఆ పని నాకు బాగా నచ్చింది. నా నినాదాలకు ప్రాస కుదిరేది. నా రిపోర్టులు చూసి పక్క బళ్లవాళ్లు నకలు రాసుకునేవాళ్లు. ఎయిడ్స్ దినం నాడు మూడో తరగతి పిల్లలు గొంతు చించుకుని అరుస్తూ పోతుంటే, అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన నన్ను ఆపాడు. "ఏంది పంతులమ్మా, మల్ల ఓట్లొచ్చినయా? గీసారి ఎవరికి వెయ్యమంటుండ్రు?" అని అడిగాడు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తే మా అమ్మ కడుపుబ్బ నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన అన్నదాంట్లో నవ్వాల్సింది ఏమీ లేదని అర్థం కావడానికి నాకు ఏళ్లు పట్టింది.

ఆ ఊరి సొంత పండుగలకు మాత్రం ఏ సర్క్యులరూ ఉండేది కాదు. మొహర్రంలో పీర్లు లేచే రోజున తురకోళ్ల ఇళ్లల్లోంచి ఎంతమంది వచ్చేవాళ్లో, మాలోళ్ల మాదిగోళ్ల ఇళ్లల్లోంచి అంతమంది వచ్చేవాళ్లు. క్రిస్మస్‌కు ముందు రోజు చర్చి ముందర వెదురు బద్దలతో నక్షత్రం కట్టడానికి పదిమంది పోగయితే, అందులో నలుగురైనా అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు ఉండేవాళ్లు. ఎవరూ ఫొటో అడగలేదు. ఎంతమంది పాల్గొన్నారో ఎవరూ రాసుకోలేదు. అయినా ఏ ఒక్క ఏడాదీ తప్పేది కాదు.

మాది మిషన్ కాలం నుంచీ చర్చికి పోయే కుటుంబం. బడిలో బతుకమ్మ ఆడించే రోజు వస్తే పెద్దసారు ఆ పని నాకివ్వకుండా, "మీ చర్చోళ్లకు ఇదెందుకు మేడం, గిది వేరే మేడంకు ఇస్త తీయ్" అనేవారు. మొదటి ఏడాది ఊరుకున్నాను. రెండో ఏడాది ఊరుకోలేదు. "మా అమ్మ కూలికి పోయిన చేలల్లనే గునుగు పువ్వు కోసుకొచ్చి అందరితోటి ఆడిన మనిషి సార్. నేను గూడ ఆడుత" అన్నాను. ఆడాను. ఆదివారం చర్చిలో ఒక పెద్దమనిషి అదే సంగతి ఎత్తితే ఆయనకూ అదే జవాబు చెప్పాను. రెండు వైపులా నా మీద గొణుక్కున్నారు. ఎదురు చెప్పడం నాకు చేతనవుతుందని అప్పుడే తెలిసింది. అంతకు ముందు తెలియదు.

ఇక అసలు సంగతి. 2009 లోనో 2010 లోనో, ఎండాకాలం సెలవుల్లో బడి బోరు మోటరు కాలిపోయింది. జూన్‌లో బడి తెరిచేసరికి నల్లాల్లో చుక్క లేదు. పెద్దసారు కొత్త మోటరు కోసం పైకి కాగితం పెట్టారు. "పెట్టిన మేడం, వస్తది" అనేవారు. జూలై పోయింది, ఆగస్టు పోయింది. ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం వేశాం. ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లలు మధ్యాహ్నం మరుగుదొడ్డికని ఇంటికి పోతే మళ్లీ వచ్చేవాళ్లు కాదు. హాజరు పట్టీలో మాత్రం పొద్దున వేసిన టిక్కులు అలాగే ఉండేవి.

మధ్యాహ్నం వంట చేసే అక్క ఒక్కతే నీళ్లు మోసేది. బడి వెనక కంది చేను దాటి, ఇంకో జొన్న చేను దాటితే ఒక రైతు బోరు ఉంది. కరెంటు ఉన్నప్పుడు పోయి, నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని వచ్చేది. అట్లా రెండుసార్లు తిరిగితే వంటకు సరిపోయేవి. మూడోసారి తిరిగితే పిల్లలు తాగడానికి. నలభై ఏళ్లు దాటిన మనిషి. నడుముకు ఎప్పుడూ చీర కొంగు బిగించి ఉండేది. మాట కూడా అంతే బిగువుగా ఉండేది.

అక్టోబరులో చేతులు కడుక్కునే దినం సర్క్యులర్ వచ్చింది. పిల్లలందరితో సబ్బుతో చేతులు కడిగించాలి, ఫొటోలు తీయాలి, రిపోర్టు వెంటనే పంపాలి. దాంతోపాటు ఒక అట్టపెట్టె వచ్చింది. విప్పి చూస్తే సబ్బులు. మంచి వాసన. పిల్లలు పెట్టె చుట్టూ మూగి వాసన చూసి చూసి పోయారు.

నేను పెద్దసారు గదికి పోయి, "నీళ్లు లెవ్వు గద సార్, ఏం జేద్దాం?" అని అడిగాను.

"రెండు బిందెలు చాలు మేడం. వంటామె తెస్తది గద, గవ్వి అడుగుండ్రి. పదిమందిని నిలబెట్టి ఫొటో కొట్టియ్యండ్రి" అన్నారు.

వంటింటి దగ్గరికి పోయాను. అక్క పొయ్యి ముందర పప్పు కలుపుతోంది. నేను అడిగింది విని గరిటె పక్కన పెట్టింది.

"ఏమంటున్నవ్ పంతులమ్మా? గీ నీళ్లు చేతుల మీద పోస్తే పప్పుల ఏం పొయ్యాలె?"

"ఒక్క బిందె అక్కా..."

"ఒక్క బిందె అంటే నీకు ఒక్క బిందె. నా నెత్తికి అడుగు, అది ఎంత బరువో చెప్తది. పొద్దుగాల జెరసేపే ఉండె కరెంటు. ఇయ్యాల ఒక్కసారే తెచ్చిన. ఇయ్య. నువ్వు అడిగినా ఇయ్య, పెద్దసారు అడిగినా ఇయ్య, కలెక్టర్ అడిగినా ఇయ్య."

నా ముఖం మాడిపోయింది. తిరిగొచ్చి పెద్దసారుకు చెప్పాను. అంతలో నారాయణఖేడ్ నుంచి ఫొటోగ్రాఫర్ మోటరుసైకిల్ మీద వచ్చేశాడు. పెద్దసారు గొంతు తగ్గించి నాతో, "ఒక పని చెయ్యండ్రి. సబ్బు చేతులకు రాయించి నిలబెట్టుండ్రి. ఫొటోల నీళ్లు ఎవరు సూస్తరు?" అన్నారు.

ఇక్కడ నేను చేసింది దాచను. పిల్లల్ని వరుసలో నిలబెట్టాను. తలా ఒక సబ్బు ఇచ్చాను. "బాగ రుద్దుండ్రి, నురుగు కనబడాలె" అని కూడా నేనే అన్నాను. పిల్లలు పొడి చేతుల్లో పొడి సబ్బు రుద్దుతున్నారు. ఫొటోగ్రాఫర్ ఒక కన్ను మూసి, "టీచర్, జెర నవ్వుమనుండ్రి" అన్నాడు.

వరుసలో చివరన రెండో తరగతి పిల్ల ఉంది. ఎంత రుద్దినా దానికి నురుగు రావడం లేదు. నా వైపు భయంగా చూసింది. టీచరు చెప్పిన పని కావడం లేదన్న భయం. అటూ ఇటూ చూసి, తల దించి, అరచేతిలో ఉమ్మేసుకుని, గబగబా రుద్దడం మొదలుపెట్టింది. కొంచెం నురుగు వచ్చింది. ఆ చేతులు పైకెత్తి నాకు చూపించి నవ్వింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు. "ఆపుండ్రి. ఫొటో వద్దు. సబ్బులన్నీ పెట్టెల పెట్టుండ్రి" అన్నాను. ఫొటోగ్రాఫర్ పెద్దసారు వైపు చూశాడు. పెద్దసారు నా దగ్గరికి వచ్చి, "ఏమైంది మేడం, తబియత్ బాగలేదా?" అన్నారు.

"నా తబియత్ బాగనే ఉంది సార్. పిల్ల చేతిల ఉమ్ముకున్నది. నేను నురుగు రావాలె అన్నందుకు ఉమ్ముకున్నది. ఈ ఫొటో నేను పంప."

ఆ చిన్నదాన్ని వంటింటికి తీసుకుపోయాను. అక్క చెంబు ముంచి దాని చేతుల మీద పోసింది. ఇయ్యనన్న నీళ్లలోంచే పోసింది.

ఆ మధ్యాహ్నం రిపోర్టు రాశాను. పెద్ద రిపోర్టేమీ కాదు. "ఈ దినం మా బడిలో జరగలేదు. సబ్బులు అందాయి. జూన్ నుంచి నీళ్లు లేవు. నీళ్లు వచ్చిన రోజున చేతులు కడిగించి మళ్లీ రిపోర్టు రాస్తాము." పెద్దసారు చదివి కాగితం వెనక్కి నెట్టారు. "నేను దస్తకత్ పెట్ట. మీరు గూడ పెట్టకుండ్రి. నాకు ఇంక మూడేండ్లే సర్వీసుంది" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. పిల్లలకు జ్వరమొస్తే తన బండి మీద దవాఖానకు తీసుకుపోయేవారు. కానీ కాగితం అంటే ఆయనకు భయం.

లెక్కల సారు అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడి వింటున్నారు. ఆయనకూ రిటైర్మెంటు దగ్గరే. ఇంట్లో ఉర్దూ, బడిలో చక్కటి తెలుగు. నన్ను బేటీ అని పిలిచే ఒకే ఒక్క మనిషి ఆ బడిలో. "ఇటియ్యి బేటీ" అని కాగితం అందుకుని, నా సంతకం కింద ఉర్దూలో తన సంతకం చేశారు. "నా ఉర్దూ దస్తకత్ చదవాలనుకునేటోడు ఎట్లనన్న చదువుతడు" అన్నారు.

మర్నాడు సెలవు పెట్టి నేనే మండల ఆఫీసుకు పోయాను. గుమాస్తా దగ్గర పొడుగాటి పట్టిక ఉంది. బడి పేరు, పిల్లల సంఖ్య, పాల్గొన్నవాళ్లు, ఫొటో జతచేశారా లేదా. నా కాగితం చదివి తల గోక్కున్నాడు.

"గిట్ల రాస్తరా మేడం? దీనికి పట్టికల గడే లేదు మా దగ్గర."

"పాల్గొన్నవాళ్లు అన్నకాడ సున్నా రాయి అన్నా."

"సున్నా రాస్తే పైనుంచి అడుగుతరు."

"అడగనియ్యి. అడగాలెననే రాసిన."

"పరేషాన్ చెయ్యకుండ్రి మేడం" అన్నాడు. కానీ కాగితం అందినట్టు ఇన్‌వర్డు ముద్ర వేయించుకునేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు. చివరికి విసుగెత్తి వేశాడు. ముద్ర ఉన్న నకలు మడిచి సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

పది రోజుల తర్వాత మెమో వచ్చింది, నా ఒక్కదాని పేరు మీదే. పై అధికారుల ఆదేశాలను ధిక్కరించినందుకు, సంస్థ గౌరవానికి భంగం కలిగించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని. బడిలో ఏమీ అనిపించలేదు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే ఏడుపొచ్చింది. అమ్మ గాబరాగా వచ్చింది. ఆమెకు చదువు రాదు. కాగితంలో ఏముందో చెప్పమంది. చెప్పాను.

"తప్పు రాసినవా?"

"లేదు."

"నీళ్లున్నయా బడిల?"

"లెవ్వు."

"మరెందుకు ఏడుస్తున్నవ్ బిడ్డా? లేవు, ముఖం కడుక్కో. అన్నం తిను."

తిన్నాను. తిన్నాక సంజాయిషీ రాశాను. "నా రిపోర్టులో అబద్ధం ఎక్కడుందో చూపిస్తే దిద్దుకుంటాను" అని ఒకే వాక్యం. తర్వాతి వారం మండల విద్యాధికారి తన ఆఫీసుకు పిలిపించారు. నిలబెట్టే మాట్లాడారు.

"సూడు మేడం, పెద్దగ చేసుకోకు. పొరపాటున రాసిన అని ఒక్క ముక్క రాసియ్యి. ఇక్కడికి ఒడుస్తది."

"పొరపాటు కాదు సార్. తెలిసే రాసిన."

"అన్ని బళ్లోళ్లు పంపిండ్రు. నీ ఒక్కదానికే నీళ్లు లెవ్వా?"

"వాళ్ల సంగతి నాకు తెల్వదు సార్. మా బడి సంగతి తెలుసు."

ఆయనకు కోపం వచ్చింది. "ట్రాన్స్‌ఫర్ చేయిస్త. దూరం పంపిస్త."

"మా ఊరికన్న దూరమంటే కర్ణాటకనే సార్" అన్నాను.

అనాలనుకుని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది. వెనక బల్ల దగ్గర గుమాస్తా దగ్గినట్టు చేసి నవ్వు ఆపుకున్నాడు. అధికారి "సరే. నేనే వస్త. నీళ్లుంటే మాత్రం నీ పని చెప్త" అన్నారు.

చెప్పాపెట్టకుండా ఒక గురువారం వచ్చారు. జీపు దిగేసరికి ఆయన బట్టల నిండా, కనుబొమ్మల నిండా ఎర్రటి దుమ్ము. పెద్దసారు చేతులు నలుపుకుంటూ కుర్చీ వేశారు. అధికారి నల్లాలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశారు. మరుగుదొడ్డి తాళం పట్టుకుని లాగి చూశారు. ఆ తర్వాత తన చేతులు చూసుకుని, అలవాటు కొద్దీ, "ముఖం కడుక్కుంట, జెర నీళ్లు తెమ్మనండ్రి" అన్నారు.

పెద్దసారు నా వైపు చూశారు, నేను వంటింటి వైపు చూశాను. అక్క బయటికి వచ్చింది. ఆమె చేతిలో ఖాళీ బిందె ఉంది.

"నీళ్లున్నయి సార్. గా కంది చేను అవుతల, జొన్న చేను అవుతల. నేను పోతున్న. మీరు గూడ రాండ్రి, ఆడ్నే కడుక్కుందురు."

పెద్దసారు "ఏం మాట్లాడుతున్నవే!" అని గద్దించారు. అధికారి చెయ్యెత్తి ఆయన్ని ఆపారు. ఆ మనిషి గురించి ఈ ఒక్క మాట మాత్రం చెప్పాలి: ఆయన నడిచారు. బూట్లు వేసుకునే, కంది మండలు చొక్కాకు తగులుతుంటే అక్క వెనక నడిచారు. నేను వాళ్ల వెనక పోయాను. బోరు దగ్గర కరెంటు లేదు. అక్క గట్టు మీద చతికిలబడింది. ఆయన కాసేపు నిలబడి, తర్వాత తనూ గట్టు మీద కూర్చున్నారు. కరెంటు కోసం ముగ్గురం ఎదురుచూశాం. ఎండ నెత్తి మీదికి వచ్చేసింది.

"రోజు గిట్లనేనా?" అని అడిగారు.

"రోజు గిట్లనే. నాకిచ్చేది వంటకు సార్, నీళ్లు మోసినందుకు కాదు. గిది నేను పిల్లల కోసం చేస్తున్న. ఇంకో నెల చేస్త. తర్వాత నా నడుము చెయ్యనియ్యది."

కరెంటు వచ్చాక ఆయన ముఖం కడుక్కున్నారు. బడికి తిరిగొచ్చి జీపెక్కి పోయారు. మూడు వారాల్లో మోటరు వచ్చింది.

నీళ్లు వచ్చిన రోజు ఏ దినమూ కాదు. మామూలు మంగళవారం. నల్లా తిప్పగానే మొదట గాలి వచ్చింది, తర్వాత తుప్పు నీళ్లు, తర్వాత తెల్లటి ధార. పిల్లలు అరిచిన అరుపులకు ఊళ్లోవాళ్లు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు. ఆ అట్టపెట్టె తెచ్చి అందరికీ సబ్బులు పంచాను. చేతులే కాదు, ముఖాలు, మోకాళ్లు, కొందరు తలలు కూడా కడుక్కున్నారు. పెద్దసారు ప్యాంటు మడిచి నిలబడి, చిన్నపిల్లల చేతుల మీద తనే మగ్గుతో నీళ్లు పోశారు. వంట అక్కను పిలిస్తే వచ్చి, నల్లా కింద చెయ్యి పెట్టి చూసి, "ఇన్ని దినాలకొచ్చినయ్" అని ఒక్క మాట అని పొయ్యి దగ్గరికి పోయింది. ఆడపిల్లల మరుగుదొడ్డి తాళం తీశాం. వారం లోపల ఏడో తరగతి ఆడపిల్లలు మధ్యాహ్నం తర్వాత కూడా బల్లల మీద కనిపించారు.

అంతా చక్కగా ముగిసిందనుకుంటారేమో, లేదు. కొన్నాళ్లకు మండల ఆఫీసులో వేరే పనిమీద ఉండగా ఆ పాత పట్టిక కంటపడింది. మా బడి పేరు ముందు పాల్గొన్నవాళ్లు అన్న చోట మా పిల్లలందరి సంఖ్యా రాసి ఉంది. ఫొటో జతచేశారు అన్నచోట అవును. నా కాగితం ఎక్కడికి పోయిందో! నా దగ్గర ముద్ర ఉన్న నకలు ఉంది కనుక మళ్లీ ఒక ఉత్తరం రాశాను, ఆ సంఖ్య తప్పు అని. దానికి జవాబు రాలేదు. ఇంకోటి రాశాను. దానికీ రాలేదు. మూడోది రాసినప్పుడు గుమాస్తా నన్ను చూడగానే ముద్ర తనే తీసి వేశాడు.

నా దగ్గర్నుంచి నీలం ఫైలు తీసేసుకున్నారు. వేరే టీచరుకు ఇచ్చారు. ఆమె ప్రతి సర్క్యులర్ రాగానే నా దగ్గరికి వచ్చి, "ఇది చెయ్యాల్నా అక్కా?" అని అడిగేది. "చెయ్యి. నిజంగ చేసేదయితే చెయ్యి" అనేదాన్ని. మహిళా దినం నాడు ఆమె వంట అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, ఆ పూట మగ సార్ల చేత కూరగాయలు కోయించింది. లెక్కల సారు ఉల్లిగడ్డలు కోస్తూ కళ్లు తుడుచుకుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రోజుకు ఫొటోలు లేవు. తీయాలని ఎవరికీ గుర్తు రాలేదు.

మెమో విషయం ఎవరూ తేల్చలేదు. రద్దు చేయలేదు, శిక్షా వేయలేదు. నా సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో ఒక వ్యాఖ్య మాత్రం మిగిలిపోయింది: ఆదేశాలను ధిక్కరించినట్టు. 2013లో నన్ను సిర్గాపూర్ వైపు బదిలీ చేసేటప్పుడు, కొత్తగా వచ్చిన అధికారి రిజిస్టరు తిరగేస్తూ దాని దగ్గర ఆగారు. మంచి మనిషి. "మేడం, ఒక దరఖాస్తు రాయుండ్రి. పాత సంగతి, విచారం వ్యక్తం చేస్తున్న అని రెండు లైన్లు. నేను కొట్టేయిస్త. రేపు ప్రమోషన్‌కు అడ్డం రావద్దు" అన్నారు. తెల్లకాగితం కూడా తనే తీసి నా ముందు పెట్టారు.

నేను ఆ వ్యాఖ్యను ఇంకోసారి చదివాను. అందులో తప్పేమీ కనిపించలేదు.

"అది నిజమే సార్, ధిక్కరించిన" అన్నాను. "ఉండనియ్యుండ్రి."